మసి మీద తడిగుడ్డ పెట్టకండి

(హైదరాబాద్ రామ్‌నగర్‌లోని ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆదివారం పొద్దున జరిగిన ఫ్లాట్ల వాళ్ళ సమావేశంలో, కెమిస్ట్రీ లెక్చరర్‌గా రిటైరైన ఒకావిడ మాట్లాడిన మాటలు. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక స్కూటర్ల మీద కూర్చున్నవాళ్ళు కొంచెం ముందుకు జరగండి. మైకు లేదు, నా గొంతు ముప్పై ఏళ్ళ పాటు క్లాసుల్లోనే ఖర్చయిపోయింది.

మొన్న మంగళవారం రెండో అంతస్తులో ఏం జరిగిందో మీకు తెలుసు. స్టవ్ మీద నూనె మూకుడు, చెవి దగ్గర ఫోను, నూనె అంటుకుని మంట లేచింది. ఎవరికీ ఏమీ కాలేదు, అదే పదివేలు. వాళ్ళని తప్పుపట్టడానికి నేను రాలేదు, ఆ పని మనలో ఎవరైనా చేసేదే. నేను మాట్లాడాలనుకున్నది ఆ సాయంత్రం గురించి. నేను పైకి వెళ్ళేసరికి ముగ్గురు బకెట్లు, చీపుళ్ళు, తడిగుడ్డలు పట్టుకుని గుమ్మంలో సిద్ధంగా ఉన్నారు. మసి తుడవడానికి తలా ఒక చెయ్యి వేద్దామని, పాపం మంచి మనసుతోనే. వాళ్ళని అక్కడే ఆపేశాను. ఒకాయనకి కోపం కూడా వచ్చింది. ఇక్కడే ఉన్నారు, నా వైపు చూడటం లేదు. (నవ్వులు)

ఎందుకు ఆపానంటే, 2019లో మా ఇంట్లో సరిగ్గా అదే పని నేను చేశాను.

అక్టోబరు నెల. ఫ్రిజ్ పక్కన గోడకి కొట్టిన స్టెబిలైజర్ అంటుకుంది. మా ఆయన చేపల మార్కెట్‌కి వెళ్ళారు. వాచ్‌మన్ మెయిన్ ఆపేసి, మెట్ల దగ్గరున్న మంటలార్పే సిలిండర్ తెచ్చి పౌడర్ కొట్టాడు. మొత్తం నాలుగైదు నిమిషాల భాగోతం. కాలింది చూస్తే స్టెబిలైజర్, ఫ్రిజ్ వెనక భాగం, ఒక కర్టెన్. అంతే. కానీ ఇల్లు మాత్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా నల్లబడింది. నేనేం చేశాను? కళ్ళు తుడుచుకుని, మసిగుడ్డ తడిపి, స్విచ్‌బోర్డు పైన గోడని ఒక్క తుడుపు తుడిచాను. చెయ్యి ఎంత దూరం పోతే అంత దూరం, ఇంద్రధనుస్సులాగా. గుడ్డ కింద మసి పోలేదు సరికదా, నల్లటి జిగురులాగా మారి గోడలోకి దిగిపోయింది. అంతకుముందు బూడిదరంగులో ఉన్న గోడ మీద ఇప్పుడు చిక్కటి నల్లటి చాప. ఆ చాప సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

కెమిస్ట్రీ చెప్పినదాన్ని. అయినా ఆ నిమిషంలో చదువు ఎక్కడికి పోతుందో తెలీదు.

అసలు మసి అంటే ఏమిటో ఒక్క ఐదు నిమిషాలు చెప్పనివ్వండి. పాత అలవాటు. ఏ వస్తువైనా గాలి సరిగ్గా అందక సగంసగం కాలితే, మిగిలిపోయిన కార్బన్ సన్నటి రేణువులుగా పైకి లేస్తుంది. ఎంత సన్నం అంటే, కాలుష్యం వార్తల్లో పీఎం 2.5 అని వింటుంటారు చూడండి, ఎక్కువ భాగం ఆ కొలతకి లోపలే ఉంటుంది. అంటే రెండున్నర మైక్రాన్లు. మన తలవెంట్రుక సుమారు 70 మైక్రాన్ల మందం. అంత సన్నటి రేణువుల్ని తడిగుడ్డతో అదిమితే పెయింటు రంధ్రాల్లోకి దూరవా మరి? పైగా ఒట్టి కార్బన్ కాదు, దానికి నూనె, తారులాంటి పదార్థాలు, ఆమ్లాలు అంటుకుని ఉంటాయి.

ఇప్పుడు ఇక్కడున్న పెద్దవాళ్ళని ఒకటి అడుగుతాను. ఇంట్లో కాటుక పట్టడం ఎంతమంది చూశారు? చేతులెత్తండి. ఆ, చాలామందే. ఆముదం దీపం పెట్టి, మీద ఇత్తడి పళ్ళెం బోర్లించేవాళ్ళు. మా అమ్మ అయితే పళ్ళెం వెనక తడిగుడ్డ వేసేది. ఎందుకమ్మా అంటే, పళ్ళెం వేడెక్కితే కాటుక సరిగ్గా పట్టదే అనేది. చదువుకోని మా అమ్మ చెప్పిన ఆ మాటకి ఫిజిక్సులో పెద్ద పేరే ఉంది, ఇప్పుడు దానితో మీకు పని లేదు. విషయం ఏమిటంటే, వేడి పొగలో ఉన్న మసి ఎప్పుడూ చల్లటి వస్తువుని వెతుక్కుంటూ పోయి దానికి అంటుకుంటుంది.

ఇది తెలిస్తే ఇంట్లో మసి ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. మా ఇంట్లో మంట లేచింది భోజనాల గదిలో. అన్నిటికంటే నల్లబడింది ఏది? ఆ చివర ఉన్న బాత్రూం. టైల్స్ చల్లగా ఉంటాయి కదా. బయటి గోడల మూలలు, బీరువా వెనక, మూసి ఉన్న సొరుగుల లోపల, గడియారం అద్దానికి లోపలి వైపు కూడా. పూజగదిలో ఇత్తడి కుందులు నల్లగా అయిపోయాయి. పైన మూలల్లో బూజులాగా నల్లటి పోగులు వేలాడతాయి. సాలెపురుగు పనేమో అనుకుని చీపురుతో కొట్టకండి. మసి రేణువులే ఒకదాని చివర ఒకటి అంటుకుని దారంలా తయారవుతాయి. చీపురు తగిలితే గోడకి అడ్డంగా గీత పడుతుంది.

గోడ అసలు రంగేమిటో మర్చిపోయామనుకోండి, క్యాలెండర్ తీసి చూడండి. మా ఇంట్లో ఆ తెల్లటి చదరం చూసి మా ఆయన అరగంట అలాగే నిలబడిపోయారు.

ఇక ఏ మసి అన్నది. ఇదీ ముఖ్యమే, ఎందుకంటే మా ఇంట్లో పనికొచ్చింది రెండో అంతస్తు వంటింట్లో పనికిరాదు. కట్టె, కాగితం, నూలుబట్ట కాలితే పొడి మసి. వేలితో తాకితే పౌడరులాగా వస్తుంది. ప్లాస్టిక్కు, రబ్బరు, సోఫాలో ఫోమ్ కాలితే జిడ్డు మసి, తాకితే పులుముకుంటుంది, వాసన కూడా ఘాటు. నూనె మంట మసి కూడా జిడ్డే. ఇంకో రకం ఉంది, అది దొంగ రకం. కూర మాడిపోయి, మంట లేకుండా గంటసేపు పొగ వచ్చిందనుకోండి, ముఖ్యంగా మాంసం. కంటికి పెద్దగా ఏమీ కనిపించదు. గోడల మీద పసుపచ్చటి పలచటి జిడ్డు పొర, భరించలేని వాసన. నల్లగా లేదు కదా అని వదిలేస్తారు, ఆర్నెల్లయినా వాసన పోదు.

తెల్ల టిష్యూ కాగితం తీసుకుని, గోడని రుద్దకుండా ఊరికే అద్ది చూడండి. పొడిగా రాలిందా, పులుముకుందా. ఆ తర్వాతే ఏ పనైనా.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. మన ఇళ్ళల్లో కరెంటు వైర్ల పైతొడుగు పీవీసీ. అది కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. గాలిలో తేమ కలిస్తే అది ఏమవుతుంది? హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మనం బాత్రూం యాసిడ్ అని సీసాలో కొనుక్కునేది అదే. అంటే పీవీసీ కాలిన ఇంట్లో ప్రతి వస్తువు మీదా సన్నగా యాసిడ్ చల్లినట్టే. మా కుళాయిలు మూడో రోజుకి మచ్చలు తేలాయి, వారానికి పైపూత పొక్కులు లేచింది. అందుకని గోడల జోలికి పోకపోయినా, కుళాయిలు, గడియలు, ఇత్తడి సామాను, స్టీలు సింకు మాత్రం అదే రోజు చూసుకోండి. ముందు పొడిగుడ్డతో దులపండి, తర్వాత సబ్బునీళ్ళ గుడ్డ, మళ్ళీ పొడిగుడ్డ, ఆఖర్న పలచగా కొబ్బరినూనె. చింతపండు పెట్టి తోమడాలు, మెరుపులు తర్వాత.

మంట ఆర్పడానికి కొట్టిన పౌడర్ ఉంటుంది కదా, అది కూడా తక్కువది కాదు. మామూలుగా వాడే ఏబీసీ సిలిండర్లలో ఉండేది మోనో అమ్మోనియం ఫాస్ఫేట్. తడి తగిలితే జిగురుగా గట్టిపడి, లోహాన్ని తినేస్తుంది. దాన్నీ పొడిగానే ఎత్తాలి.

స్విచ్చులు. మెయిన్ ఆపాక, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ వచ్చి మెగ్గర్ పెట్టి వైర్ల ఇన్సులేషన్ పరీక్ష చేసేదాకా ఏదీ వెయ్యకండి. పొగ పోతుందని ఫ్యాను వేస్తారు, రెక్కల మీద ఉన్న మసి అంతా గది నిండా చల్లుతుంది. ఏసీ అయితే మరీ, లోపలికి పీల్చుకుని తర్వాత నెలల తరబడి వడ్డిస్తుంది. టీవీ, కంప్యూటర్ పనిచేస్తున్నాయో లేదో చూద్దామని ఆన్ చెయ్యకండి. లోపల ఆ యాసిడ్ మసి ఉండగా కరెంటు ఇస్తే, బాగుపడేది కూడా పోతుంది. గ్యాసు సిలిండరు, రబ్బరు ట్యూబు మంటకి దగ్గరగా ఉంటే డీలర్ చూసేదాకా ముట్టుకోవద్దు. లీకు అనుమానం వస్తే గ్యాసు ఎమర్జెన్సీ నంబరు 1906కి ఫోన్ చెయ్యండి.

ఇప్పుడు మన ఊపిరితిత్తుల సంగతి. మన ఊళ్ళో 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్ లాడ్జిలో 8 మంది పోయారు. 2023 మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు. 2025 మేలో గుల్జార్ హౌజ్ దగ్గర 17 మంది, అందులో చిన్నపిల్లలు ఎంతమందో. ఈ మూడు చోట్లా ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నది మంట కాదు, పొగ. మంట ఆరిపోయాక ఆ పొగే మసిగా మారి గోడల మీద కూర్చుంటుంది. 1775లో లండన్‌లో పర్సివల్ పాట్ అనే సర్జన్, పొగగొట్టాలు శుభ్రం చేసే కుర్రాళ్ళకి పెద్దయ్యాక ఒక రకం క్యాన్సర్ వస్తోందని, కారణం మసేనని రాశాడు. ఒక పని వల్ల క్యాన్సర్ వస్తుందని లోకానికి తెలిసింది అలా మసితోనే. ఒక్కసారి ఇల్లు తుడిస్తే క్యాన్సర్ వస్తుందని భయపెట్టడం లేదు. కొంగు ముక్కుకి చుట్టుకుని పని చెయ్యొద్దు అంటున్నాను. ఎన్95 మాస్కు, చేతికి రబ్బరు తొడుగులు, పొడుగు చేతుల పాత చొక్కా, కళ్ళద్దాలు. పనమ్మాయికి కూడా అవే ఇవ్వండి. మనం మాస్కు పెట్టుకుని ఆ పిల్లని ఊరికే తుడవమనడం ఏం న్యాయం? ఉబ్బసం ఉన్నవాళ్ళు, పసిపిల్లలు, గర్భిణులు ఆ వారం చుట్టాలింటికి వెళ్ళిపోవాలి, వేరే మాట లేదు.

కాలింది ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ అయితే నేను చెప్పే ఈ పద్ధతులేవీ వద్దు. అందులోంచి వచ్చే ఫ్లోరైడ్లూ లోహాల పొడీ వేరే లెక్క. అది పూర్తిగా ఆ పని తెలిసినవాళ్ళకే వదిలేయాలి. సెల్లార్‌లో ఛార్జింగ్ పెట్టేవాళ్ళు నలుగురున్నారు, నాకు తెలుసు, దాని గురించి సెక్రటరీ గారు వేరే మీటింగు పెడతారు.

ముట్టుకునే ముందు ఫోటోలు, వీడియోలు. ప్రతి గది, ప్రతి సొరుగు. మా ఇంట్లో ఏం జరిగిందంటే, మర్నాడు పొద్దున్నే కబాడీ అతను వచ్చాడు, ఫ్రిజ్ ఎంతకిస్తారని. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పు అడిగాడట ఇంకొకడు. వాడి మీద చిరాకుతో, ఇంట్లో ఆ కాలిన ముద్దని చూడలేక, స్టెబిలైజర్‌ని చెత్త ఆటోలో వేసేశాను. నాలుగో రోజు ఇన్సూరెన్సు సర్వేయర్ వచ్చి అడిగిన మొదటి ప్రశ్న, "మేడమ్, కాలిన స్టెబిలైజర్ ఎక్కడ?" (నవ్వులు) మీకు నవ్వుగా ఉంది. ఆ పాలసీ కూడా లోన్ తీసుకున్నప్పుడు బ్యాంకు వాళ్ళు అంటగట్టింది, గోడలకే, సామానుకి లేదు. ఆ సంగతి కూడా సర్వేయర్ చెబితేనే తెలిసింది. 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ గృహ రక్ష అని ఒకే రకం పాలసీ వచ్చింది. అందులో ఇంటికి బీమా చేస్తే, ఆ మొత్తంలో 20 శాతం దాకా, 10 లక్షలు మించకుండా, మామూలు సామానుకి దానంతటదే వర్తిస్తుంది. శిథిలాలు ఎత్తించే ఖర్చు కూడా క్లెయిములో 2 శాతం దాకా ఇస్తారు. ఇంటికెళ్ళి మీ కాగితాలు తీసి చూసుకోండి. ఫైర్ డిపార్ట్‌మెంటు రిపోర్టు అడుగుతారు కాబట్టి మంట మనమే ఆర్పేసుకున్నా 101కి ఫోన్ చెయ్యండి. మేం చెయ్యలేదు.

సరే, గోడ దగ్గరికి వద్దాం.

మొదట గాలి. ఎదురెదురు కిటికీలు తెరిచి ఒక పూట వదిలెయ్యండి. నేల మీద పాత దుప్పట్లు పరచండి. తర్వాత వదులుగా ఉన్న మసిని వాక్యూమ్‌తో తియ్యాలి, కానీ హెపా ఫిల్టర్, అంటే సన్నటి రేణువుల్ని కూడా ఆపే జల్లెడ, ఉన్నదే కావాలి. మామూలు వాక్యూమ్ ముందు నుంచి పీల్చి వెనక నుంచి ఊదుతుంది, సన్న మసి దానికి ఆగదు. గొట్టానికి బ్రష్ తీసేసి, గోడకి ఒక వేలు దూరంలో పట్టుకోవాలి, తాకించకూడదు.

తర్వాత ఇదిగో ఇది. చూడండి, వెనక్కి కూడా పంపండి. చూడ్డానికి గిన్నెలు తోమే స్పాంజ్‌లా ఉంటుంది కానీ రబ్బరు. డ్రై క్లీనింగ్ స్పాంజ్ అంటారు, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. దీనికి నీళ్ళు తగలకూడదు, ఎప్పుడూ. సీలింగ్‌తో మొదలుపెట్టి గోడ పైనుంచి కిందికి ఒకే దిక్కున లాగాలి, రోడ్డు ఊడ్చినట్టు, ఒక గీత పక్కన ఇంకో గీత. గుండ్రంగా రుద్దితే అయిపోయింది. ఒక వైపు నల్లబడగానే తిప్పండి. అన్ని వైపులా నల్లబడితే కడగకండి, ఉల్లిపాయ పొర తీసినట్టు చాకుతో పైపొర కోసేస్తే లోపల మళ్ళీ కొత్తది. మా హాలు ఒక్కదానికే ఆరు అరిగిపోయాయి.

ఇది దొరక్కముందు నేను ఏం వాడానో చెబితే నవ్వకండి. గట్టిగా కలిపిన చపాతీ పిండి. నా సొంత తెలివి కాదు. పూర్వం అమెరికాలో బొగ్గు పొయ్యిల వల్ల గోడ కాగితాలు మసిబారితే, పిండితో చేసిన ముద్దతో అద్ది తీసేవాళ్ళు. 1930లలో ఒక కంపెనీ దాన్ని డబ్బాల్లో అమ్మేది. బొగ్గు పొయ్యిలు పోయాక గిరాకీ పడిపోతే, అదే ముద్దకి మార్పులు చేసి 1956లో పిల్లలు ఆడుకునే ప్లే-డోగా తెచ్చారు. మీ పిల్లలు ఏనుగులు, పాములు చేసేది గోడ మసి తుడిచే పిండి వారసుడితోనే. అయితే చపాతీ పిండి ఒక జానెడు చోట పొడి మసికి పనిచేసింది. గోడంతా చెయ్యాలంటే పిండి మరకే వస్తుంది. ఆ తర్వాత రెండు రోజులు మా ఇంట్లో చపాతీ ఎవరూ తినలేదు.

జిడ్డు మసికి ఈ స్పాంజ్ పనిచెయ్యదు, పులుముతుంది. రెండో అంతస్తు వంటింట్లో అందుకే వేరే పద్ధతి. గిన్నెలు తోమే లిక్విడ్, గోరువెచ్చటి నీళ్ళు. మొండిదైతే టీఎస్పీ, అంటే ట్రైసోడియం ఫాస్ఫేట్, బేగంబజార్ కెమికల్ షాపుల్లో అడగండి. 4 లీటర్ల నీళ్ళకి 4 నుంచి 6 టేబుల్ స్పూన్లు. ఘాటు క్షారం, చేతికి తొడుగు లేకుండా ముట్టకండి, అల్యూమినియం మీద వాడకండి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. పొడి పని పైనుంచి కిందికి అన్నాను. తడి పని గోడ కింది నుంచి పైకి. అవును, తలకిందులుగా ఉంటుంది. పైన కడిగితే మురికి నీళ్ళు కింద ఎండు మసి మీదుగా కారి చారలు పడతాయి, ఆ చారలు మళ్ళీ పోవు. కింద ముందే కడిగి తడిగా ఉంటే, పైనుంచి కారింది జారిపోతుంది. ఆఖర్న మంచినీళ్ళతో మాత్రం పైనుంచి కిందికి. రెండు బకెట్లు, నీళ్ళు నల్లబడగానే మార్చడం, పాత పంచె ముక్కలు బోలెడు.

డిస్టెంపర్ గోడలైతే కడగకండి, రంగు ఊడి చేతికొస్తుంది. వాటికి పొడి పనే, తర్వాత గీకి రంగు వెయ్యడం. ఫాల్స్ సీలింగ్ ఉన్నవాళ్ళు దాని పైన ఉన్న ఖాళీని మర్చిపోకండి. కింద అంతా మెరిసిపోతున్నా వాసన ఎక్కడ్నుంచి వస్తోందని తల పట్టుకునేది అందుకే.

మార్బుల్ మీద యాసిడ్ వద్దని వేరే చెప్పాలా? చెప్పాలి. మాకు సాయం చెయ్యడానికి వచ్చిన పక్కింటావిడ బాత్రూం టైల్స్ మీద బ్లీచింగ్ పౌడర్ చల్లి, అది చాలలేదని మీద యాసిడ్ పోసింది. నేను ముప్పై ఏళ్ళు బోర్డు మీద రాసిన రియాక్షన్ మా బాత్రూంలోనే జరిగింది. వచ్చేది క్లోరిన్ వాయువు. ఆవిడని చెయ్యి పట్టి బయటికి లాక్కొచ్చాను. దగ్గు తగ్గడానికి రెండు రోజులు పట్టింది. అక్కా, మీరిక్కడ ఉన్నారని తెలిసే పేరు చెప్పడం లేదు. (నవ్వులు)

ఇప్పుడు రంగు. నా తడిగుడ్డ చాప గుర్తుందా? పెయింటర్ భాయ్ వచ్చి ఒకసారి చూసి, "క్యా హై మేడమ్, లప్పం మార్కే దో కోట్ మార్‌దేతే, ఖతమ్" అన్నాడు, లప్పం పెట్టి రెండు కోట్లు కొట్టేస్తే అయిపోతుందని. అలాగే కొట్టాడు. గోడ పెళ్ళికూతురిలా ఉంది. మసి పూసి మారేడుకాయ చేశాడంటారు, ఇక్కడ మసికే రంగు పూసి గోడ చేశాడు. సరిగ్గా నెల తిరిగేసరికి స్విచ్‌బోర్డు పైన పసుపచ్చగా ఒక చాప తేలింది. నా చెయ్యి తిరిగిన చాపే, అదే వంపు. మళ్ళీ ఒక కోటు వేయించాను. మళ్ళీ తేలింది.

కారణం ఏమిటంటే, మసిలో ఉన్న ఆ గోధుమరంగు తారు పదార్థాల్లో కొన్ని నీళ్ళలో కరుగుతాయి. నీళ్ళు కలిపే ప్రైమరు, నీళ్ళు కలిపే రంగు వేస్తే, అవి ఆరేటప్పుడు మరకని పైకి లాక్కొస్తాయి. ఎన్ని కోట్లు వేస్తే అన్నిసార్లు లాక్కొస్తాయి. మధ్యలో నీళ్ళు దాటలేని పొర ఒకటి ఉండాలి. టర్పెంటైన్‌తో పలచన చేసే ఆయిల్ ప్రైమర్ గానీ, లక్కతో చేసింది గానీ. లక్క అంటే కొత్తదేం కాదు, మన వడ్రంగులు తలుపులకి పూసే ఫ్రెంచ్ పాలిష్‌లో ఉండేది అదే, స్పిరిట్‌లో కరుగుతుంది, నీళ్ళలో కరగదు. మూడోసారి ఆ గోడని గీకించి, ఆయిల్ ప్రైమర్ వేయించి, మీద రంగు వేయించాను. అది 2020 జనవరి. ఇప్పటిదాకా చాప తిరిగి రాలేదు. మీ పెయింటర్ ఒప్పుకోడు, వాసన వస్తుంది, ఆలస్యం అవుతుంది అంటాడు. దగ్గరుండి వేయించుకోండి. మసి తుడవకుండా నేరుగా ప్రైమర్ వేస్తానంటే కూడా ఒప్పుకోవద్దు, పెచ్చులూడుతుంది.

బట్టల గురించి అడిగారు. బాల్కనీలో దులపండి, రుద్దకండి. ఉతికి మరక పోయిందని నిర్ధారించుకునేదాకా ఇస్త్రీ పెట్టెకి దూరం, వేడి తగిలితే మరక ఉండిపోతుంది. నూలుబట్టలకి చాకలి సోడా బాగా పనిచేస్తుంది. పట్టుచీరలు ఇంట్లో ముట్టుకోకండి, మసి సంగతి చెప్పి డ్రై క్లీనింగ్‌కి ఇవ్వండి. చెప్పకుండా ఇస్తే మామూలుగా చేసి పంపిస్తారు. పరుపులు, సోఫా ఫోము మాత్రం నా మటుకు నేను పారేస్తాను. వాసన పీల్చుకున్న ఫోముని మళ్ళీ మనిషిని చెయ్యడం ఎవరివల్లా కాలేదు.

(ప్రశ్న: మేడమ్, సాంబ్రాణి వేస్తే వాసన పోదా?)

పొగ వాసన పోవడానికి ఇంకో పొగ వేస్తారా బాబూ? వద్దు. మసి పూర్తిగా పోతే వాసన పోతుంది, మసి ఎక్కడో మిగిలితే వాసన మిగులుతుంది. వర్షాకాలంలో మళ్ళీ లేస్తుంది కూడా. మూత లేని గిన్నెల్లో బొగ్గులు పెట్టండి, కొంత పీల్చుకుంటాయి. ఓజోన్ మిషన్ పెడతామని ఎవరైనా వస్తే, అది నడుస్తున్నప్పుడు ఇంట్లో మనిషి గానీ చిలక గానీ ఉండకూడదు.

(ప్రశ్న: వంటింట్లో ఉన్న సరుకులు?)

తెరిచి ఉన్నవి, ప్లాస్టిక్ కవర్లలో ఉన్నవి, వేడి తగిలినవి, మందులు, అన్నీ పారెయ్యాలి. సీలు విప్పని డబ్బాలు వేడి తగలకపోతే పైన కడిగి వాడుకోవచ్చు. ఇంక ఆవకాయ జాడీ. ప్రతి ఇంట్లోనూ గొడవ దీని దగ్గరే వస్తుంది. మా అత్తగారు ఉన్నప్పుడు గుడ్డ కట్టిన జాడీ, పైన మసి. "నూనె తేలి ఉంది, లోపలికేం పోతుందే" అంది ఆవిడ. పొగకి గుడ్డ అడ్డం కాదత్తయ్యా అన్నాను. పైగా నూనె వాసనల్ని లాగేస్తుంది. వాదించలేక మూత తీసి ఆవిడ ముక్కు దగ్గర పెట్టాను. ఆవిడే వాచ్‌మన్‌ని పిలిచి పారబోయించింది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

(ప్రశ్న: ఎన్ని రోజులు పట్టింది మొత్తం?)

మాకు? తెలియక చేసినవి తియ్యడానికి మూడు నెలలు. తెలిసి చేసి ఉంటే రెండు, మూడు వారాలు పట్టేదేమో.

సరే, ఎండెక్కుతోంది. రెండో అంతస్తు వాళ్ళు ఒప్పుకున్నారు, వాళ్ళ హాలులో కిటికీ పక్క గోడ పొడి మసే, టిష్యూ అద్ది చూశాను. పది స్పాంజ్‌లు తెచ్చాను. నలుగురు నలుగురు చొప్పున రండి, మాస్కులు టేబుల్ మీద ఉన్నాయి. ఈసారికి చెప్పులు గుమ్మం బయట విప్పకండి, వేసుకునే లోపలికి రండి, లేకపోతే అరికాళ్ళకి అంటిన మసి మీ ఇళ్ళల్లోకి వస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు మెట్ల దగ్గర తడి గోనెపట్టా వేయించాను, దాని మీద బాగా తుడుచుకుని దిగండి. బకెట్ తెచ్చిన సార్, ముందు మీరే రండి.